భుజం జారకుండా ఆపేవి

మన ఒంట్లో అన్నిటికన్నా ఎక్కువ దిక్కులకు తిరిగే కీలు భుజం. జడ వేసుకోవడం, వీపు రుద్దుకోవడం, అటక మీది డబ్బా అందుకోవడం, కల్లంలో మూట ఎత్తడం, బంతి విసరడం, అన్నీ దాని పనులే. మోకాలు ముడుచుకోవడం, చాచుకోవడం మించి పెద్దగా ఏమీ చెయ్యదు. తుంటి అన్ని వైపులా తిరుగుతుంది గానీ లోతైన గుంటలో కూర్చుని ఉంటుంది కాబట్టి దానికి హద్దులు ఎక్కువ. భుజానికి ఆ లోతు లేదు. అంత స్వేచ్ఛ దొరికింది అందుకే. పెద్ద కీళ్లలో అన్నిటికన్నా తరచుగా జారిపోయేదీ అదే కావడానికి కారణం కూడా అదే.

లిగమెంట్ అంటే ఎముకను ఎముకతో కలిపే గట్టి పీచు పట్టీ. కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు పక్కపక్కన చేరి దాన్ని తయారు చేస్తాయి. లిగమెంట్ అనగానే అది ఎముకలను ఎల్లవేళలా బిగించి ఉంచుతుందని చాలామంది అనుకుంటారు. భుజం విషయంలో ఆ ఊహ తప్పుదారి పట్టిస్తుంది. భుజం లిగమెంట్లలో చాలావరకు రోజులో ఎక్కువసేపు వదులుగా పడి ఉంటాయి. చెయ్యి ఏదో ఒక దిక్కున చివరిదాకా వెళ్లినప్పుడు, ఆ దిక్కుకు కాపలా ఉన్న పట్టీ ఒక్కటే బిగుసుకుని, ఇక చాలు అంటుంది. చెయ్యి వెనక్కి రాగానే మళ్లీ వదులవుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే భుజం ఎందుకు జారుతుందో, ఒకసారి జారినది మళ్లీ మళ్లీ ఎందుకు జారుతుందో, నలభై దాటాక కొందరికి చెయ్యే లేవకుండా ఎందుకు పట్టేస్తుందో అర్థమవుతుంది.

ముందు ఎముకల సంగతి. వీపు మీద చెరోపక్క తడిమితే తగిలే పలక లాంటిది రెక్క ఎముక. దాని బయటి అంచున గ్లెనాయిడ్ అనే చిన్న గుంట ఉంది. భుజం నుంచి మోచేతి దాకా ఉండే దండచేయి ఎముకకు పైకొసన గుండ్రటి తల ఉంది. ఆ తల ఈ గుంటలో తిరుగుతుంది. బడిలో చెంచా, నిమ్మకాయ పందెం ఆడే ఉంటారు. చెంచా గుంట చిన్నది, నిమ్మకాయ పెద్దది. చెయ్యి కాస్త వణికితే కింద పడుతుంది. భుజంలో ఉన్నదీ ఆ జోడీయే, పైగా ఇక్కడ చెంచా దాదాపు నిలువుగా ఉంది. ఏ క్షణంలో చూసినా దండచేయి ఎముక తలలో పావు వంతు నుంచి మూడో వంతు మాత్రమే గుంటను ఆనుకుని ఉంటుంది. మిగతాదంతా బయటే.

ఈ లోటును ముందుగా కొంత పూడ్చేది లేబ్రమ్. గుంట అంచు చుట్టూ ఉండే గట్టి పీచు వలయం అది. గుంట మొత్తం లోతులో దాదాపు సగం దీని పుణ్యమే. లిగమెంట్లు వచ్చి అతుక్కునేది కూడా చాలావరకు ఈ వలయానికే. అందుకే లేబ్రమ్ ఊడిందంటే గుంట లోతు తగ్గడంతో సరిపోదు, లిగమెంట్‌కు ఆధారమే పోతుంది.

కీలు మొత్తాన్ని కప్పుతూ ఒక సంచి ఉంటుంది. గుంట అంచున మొదలై దండచేయి ఎముక మెడ దాకా వస్తుంది. ఎముక తలకు సరిగ్గా సరిపడేంత కాదు, దాదాపు రెట్టింపు వైశాల్యం. చేతులు దించుకుని నిలబడినప్పుడు చంక వైపున ఈ సంచి మడతపడి ఉంటుంది. చెయ్యి పైకెత్తితే ఆ మడత విచ్చుకుంటుంది. సంచిలో కొన్ని చోట్ల పీచు దట్టంగా అల్లుకుని పట్టీల్లా మందంగా తయారైంది. వాటినే గ్లెనోహ్యూమరల్ లిగమెంట్లు అంటారు. పైది, నడిమిది, కిందిది, మొత్తం మూడు. బయటి నుంచి చూస్తే ఇవి సంచిలో కలిసిపోయి పెద్దగా తెలియవు. కీలు లోపలికి చిన్న కెమెరా పంపి చూసే డాక్టర్లకు మాత్రం విడివిడిగా కనిపిస్తాయి.

చదువుతున్నవారు ఇప్పుడు కుడిచెయ్యి కిందికి వదిలేసి, పూర్తిగా సడలించండి. అరవై కిలోల మనిషికి ఒక చెయ్యి దాదాపు మూడు కిలోల బరువుంటుంది. ఆ బరువు నిలువుగా వేలాడుతోంది, గుంట పక్కకు తిరిగి ఉంది, కింద ఆపడానికి ఏ ఎముకా లేదు. మరి చెయ్యి ఎందుకు జారిపడటం లేదు? కండలు పట్టుకున్నాయేమో అనిపిస్తుంది. 1959లో బాస్మాజియన్, బాజాంట్ అనే ఇద్దరు పరిశోధకులు కండల్లోని విద్యుత్ సంకేతాలను కొలిచి చూశారు. చెయ్యి ఊరికే వేలాడుతున్నప్పుడు డెల్టాయిడ్, బైసెప్స్ లాంటి పెద్ద కండల్లో చలనమే లేదు. భారాన్ని మోస్తున్నది సంచి పైభాగం, అక్కడి పై లిగమెంట్, దానికి తోడుగా కోరకోహ్యూమరల్ లిగమెంట్. రెక్క ఎముక ముందువైపుకు వంకరగా పొడుచుకొచ్చిన కోరకాయిడ్ అనే మొన నుంచి బయలుదేరి, దండచేయి ఎముక తల పక్కనున్న రెండు బుడిపెల దాకా వెళ్లే పట్టీ ఇది. గుంట కాస్త పైకి వాలి ఉండటం వల్ల, తల కిందికి జారాలంటే పక్కకు కూడా జరగాలి. పక్కకు జరగనివ్వకుండా ఈ పట్టీలు బిగుసుకుంటాయి. చేతికి బరువు తగిలించినప్పుడు సుప్రాస్పైనేటస్ అనే చిన్న కండ వచ్చి కలుస్తుంది. లీలగా కనిపించే ఈ ఏర్పాటుతోనే మనం రోజంతా అలసట లేకుండా చేతులు వేలాడేసుకుని తిరుగుతున్నాం.

ఈ ఏర్పాటు విలువ పక్షవాతం వచ్చిన ఇంట్లో తెలుస్తుంది. కండల పట్టు పోగానే రెక్క ఎముక సరైన వాలులో నిలవదు. కండ సాయమూ అందదు. లిగమెంట్లు ఒంటరిగా, గంటల తరబడి, వారాల తరబడి చేతి బరువు మోస్తూ సాగిపోతాయి. భుజం పైకప్పు కింద వేలు పట్టేంత ఖాళీ ఏర్పడుతుంది. అలాంటి మనిషిని మంచం మీద నుంచి లేపేటప్పుడు పట్టు తప్పిన ఆ చెయ్యి పట్టుకునో, చంకలో చెయ్యి వేసో లాగడం మన ఇళ్లలో చాలా మామూలు. దయచేసి అలా లాగకండి. నడుము దగ్గర, వీపు వెనక ఆసరా ఇచ్చి లేపండి. కూర్చోబెట్టినప్పుడు ఆ చేతి కింద దిండు పెట్టండి. ఖర్చు లేని ఈ జాగ్రత్త ఎన్నో నెలల భుజం నొప్పిని తప్పిస్తుంది.

నడిమి లిగమెంట్ సంగతి తక్కువలో చెప్పొచ్చు. చెయ్యి పక్కకు సగం దాకా, అంటే నలభై అయిదు డిగ్రీల చుట్టుపక్కల లేచి ఉన్నప్పుడు తల ముందుకు జారకుండా ఇది కాస్తుంది. అందరిలో ఒకేలా ఉండదు. కొందరిలో పలుచగా, కొందరిలో దారంలా గుండ్రంగా ఉంటుంది, కొందరిలో అసలే ఉండదు. లేకపోయినా వారి భుజాలు బాగానే పనిచేస్తాయి. ఎమ్మారై రిపోర్టులో వింత పేరేదో కనిపించగానే జబ్బు అనుకోనక్కర్లేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

అసలు కథ కింది లిగమెంట్‌ది. ఈ మూడింటిలో పెద్దది, బలమైనది. దీనికి ముందొక పట్టీ, వెనకొక పట్టీ, రెంటి మధ్య చంక వైపు వేలాడే సంచి భాగం ఉంటాయి. చెయ్యి దించి ఉన్నప్పుడు దీనికి పనే లేదు. ఇప్పుడు చేతిని పక్కకు భుజం ఎత్తుకు లేపి, మోచెయ్యి వంచి, అరచెయ్యి ముందుకు చూసేలా వెనక్కి తిప్పండి. క్రికెట్‌లో బౌండరీ దగ్గరి నుంచి బంతి విసిరేవాడి చెయ్యి, వాలీబాల్‌లో స్మాష్ కొట్టేవాడి చెయ్యి ఇలాగే ఉంటుంది. ఈ భంగిమలో ముందు పట్టీ పైకి జరిగి ఎముక తలకు అడ్డంగా నిలబడుతుంది. తల ముందుకు దూకకుండా ఆపేవాటిలో అన్నిటికన్నా పెద్ద అడ్డం అప్పుడు అదే. చెయ్యి అలా వెనక్కి వెళ్లి ఉన్నప్పుడే బలమైన దెబ్బ తగిలితే ఏమవుతుందో కబడ్డీ చూసేవారికి తెలుసు. రైడర్ చాచిన చేతిని డిఫెండర్ పట్టి వెనక్కి విరిచాడంటే భారమంతా ఆ ఒక్క పట్టీ మీదే పడుతుంది.

పట్టీ సాగుతుంది, లేదా అది అతుక్కున్న లేబ్రమ్‌తో సహా గుంట అంచు నుంచి ఊడొస్తుంది. తల ముందుకూ కిందికీ జారిపోతుంది. గూడ జారింది అనేది దీన్నే. జారిన భుజాల్లో నూటికి తొంభై అయిదుకు పైగా ఇలా ముందుకు జారినవే. పూర్తిగా జారకుండా గుంట అంచు దాకా వెళ్లి వెనక్కి వచ్చేవీ ఉన్నాయి. 2021 మార్చిలో పుణెలో ఇంగ్లండ్‌తో వన్డే ఆడుతూ ఫీల్డింగ్‌లో డైవ్ చేసిన శ్రేయస్ అయ్యర్ ఎడమ భుజానికి అలాంటి దెబ్బే తగిలింది. ఆపరేషన్ చేయించుకుని, సెప్టెంబరులో గాని మైదానంలోకి రాలేకపోయాడు. ఇరవై ఆరేళ్ల క్రీడాకారుడికి, మంచి వైద్యం అందినా, అన్ని నెలలు పట్టింది.

లేబ్రమ్, లిగమెంట్ కలిసి గుంట ముందు అంచు నుంచి ఊడటాన్ని బ్యాంకార్ట్ లీజన్ అంటారు. లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో పనిచేసిన బ్లండెల్ బ్యాంకార్ట్ 1923లో దీని గురించి రాశాడు. జర్మనీలో పెర్తెస్ 1906లోనే ఈ సంగతి గమనించాడు. బ్యాంకార్ట్ రాసే నాటికి భుజం పదేపదే జారడానికి సంచి వదులు కావడమే కారణమని, దాన్ని కుట్టి బిగిస్తే సరిపోతుందని చాలామంది సర్జన్లు అనుకునేవారు. బ్యాంకార్ట్ ఒప్పుకోలేదు. ఊడిన పట్టీ గుంట అంచున తిరిగి అతుక్కోదు, కాబట్టి దాన్ని అక్కడే మళ్లీ కుట్టాలని ఆయన వాదన. నేటి కీహోల్ ఆపరేషన్లలో చిన్న మేకుల్లాంటి యాంకర్లు దించి చేసే పని కూడా సారంలో అదే. అయితే గుంట ఎముకే అరిగిపోయిన వారికి ఈ కుట్టు చాలదు. వారికి కోరకాయిడ్ మొనను కోసి గుంట ముందు అమర్చే లాటార్జే పద్ధతి ఉంది. ఫ్రాన్స్‌లో 1954లో వచ్చింది.

ఈ చరిత్రలో నన్ను అబ్బురపరిచేది ఇంకా పాతది. దాదాపు 2,400 ఏళ్ల కిందట గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పదేపదే జారే భుజాలకు వాత పెట్టే పద్ధతి చెప్పాడు. ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీతో చంకలో వాత. తన కాలపు వైద్యులు భుజం పైన, ముందు, వెనక ఎక్కడపడితే అక్కడ కాలుస్తున్నారని, తల జారే దారి చంక వైపు కాబట్టి మచ్చ కట్టాల్సింది అక్కడేనని ఆయన తప్పుపట్టాడు. కీలు లోపల ఏముందో చూసే సాధనమేదీ లేని రోజుల్లో, కింది లిగమెంట్ ఉన్న వైపే ఆయన వేలు చూపించాడు. కాల్చి బిగించే ఆలోచన అంతటితో పోలేదు. 1990ల చివర్లో కెమెరాతో లోపలికి వెళ్లి సంచిని వేడితో ముడుచుకునేలా చేసే పద్ధతి కొన్నేళ్లు జోరుగా నడిచింది. కొత్తలో బిగిసిన సంచి తర్వాత మళ్లీ సాగింది, కొందరిలో కీలు లోపలి మృదులాస్థే దెబ్బతింది. ఆ పద్ధతిని చాలావరకు వదిలేశారు.

ఒకసారి సాగిన లిగమెంట్ పాత పొడవుకు రావడం కష్టం. దానికి రక్త సరఫరా కండలకు ఉన్నంత ఉండదు, మానేటప్పుడు పుట్టే మచ్చ పీచుకు మొదటి అల్లిక క్రమం రాదు. నష్టం అక్కడితోనూ ఆగదు. లిగమెంట్లలో నాడుల చివర్లు ఉన్నాయి. చెయ్యి ఎక్కడుందో, ఎంత సాగిందో మెదడుకు చెప్పేవి అవి. కళ్లు మూసుకుని కూడా మన చెయ్యి ఎంత ఎత్తులో ఉందో తెలియడంలో వాటికీ పాత్ర ఉంది. జారిన భుజంలో ఈ సమాచారం మందగిస్తుంది. ప్రమాదం దగ్గరపడిందని కండలకు ఆలస్యంగా తెలుస్తుంది. కుర్రవాళ్లలో మొదటిసారి జారిన భుజం మళ్లీ జారే అవకాశం అంత ఎక్కువ ఉండటానికి ఇవన్నీ కారణాలే. ఇరవై ఏళ్ల చుట్టుపక్కల వయసులో సగం మందికి పైగా రెండోసారి జారుతుంది. వారాల తరబడి చెయ్యి మెడకు కట్టి ఉంచితే మళ్లీ జారదన్న నమ్మకానికి పరిశోధనల్లో బలం దొరకలేదు. నలభై దాటినవారిలో మళ్లీ జారడం తక్కువే గానీ, వారికి రొటేటర్ కఫ్ అనే చిన్న కండల టెండన్లు, అంటే కండను ఎముకకు అతికించే పీచులు, చిరిగే ప్రమాదం ఎక్కువ. గూడ ఎక్కించాక కూడా వారాలు గడిచినా చెయ్యి లేవకపోతే అది చూపించుకోవాలి.

గూడ జారినప్పుడు ఏం చెయ్యాలో సూటిగా చెబుతాను. మైదానంలో తోటి ఆటగాళ్లు లాగి ఎక్కించడం, ఊళ్లో చెయ్యి తిరిగిన మనిషి దగ్గరికి పరిగెత్తడం మనకు అలవాటు. పుత్తూరు కట్టు మీద నమ్మకం ఉన్న కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లోనే కాదు, తమిళనాడులోనూ, కర్ణాటకలోనూ ఉన్నాయి. ఆ నమ్మకాన్ని చులకన చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ జారిన భుజం పక్కనే ఎముక విరిగి ఉండొచ్చు. భుజం చుట్టూ తిరిగి వెళ్లే ఆక్సిలరీ నాడి నలిగి ఉండొచ్చు. విరిగిన ఎముకను లాగితే చీలిక పెద్దదవుతుంది. అందుకే ముందు చేతిని సౌకర్యంగా ఉన్న చోటే గుడ్డతో ఆనించి కట్టండి, ఎక్స్‌రే ఉన్న చోటికి తీసుకెళ్లండి. దండచేయి బయటి పక్క, చొక్కా భుజం కుట్టు కిందుగా, చర్మం మొద్దుబారిందేమో చూసి డాక్టరుకు చెప్పండి. ఎక్కించిన తర్వాత మళ్లీ ఒక ఎక్స్‌రే తీయించాలి.

వెనక్కి జారే భుజాలు అరుదు. కానీ వాటిని గుర్తించకుండా వదిలేయడం అరుదు కాదు. మూర్ఛ వచ్చినప్పుడు, కరెంటు షాక్ కొట్టినప్పుడు భుజం చుట్టూ కండలన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటాయి. చేతిని లోపలికి తిప్పే కండలే బలమైనవి కాబట్టి తల వెనక్కి దూకుతుంది. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో అంతా మామూలుగానే ఉన్నట్టు భ్రమ కలగొచ్చు. బోరు మోటారు దగ్గర షాక్ తగిలిన రైతు, ప్రాణం దక్కిందన్న ఆనందంలో భుజం నొప్పిని పట్టించుకోడు. నెలలు గడిచాక చెయ్యి బయటికి తిరగడం లేదని వస్తాడు. షాక్ తర్వాత గాని, మూర్ఛ తర్వాత గాని చెయ్యి లోపలికి తిరిగి అలాగే ఉండిపోతే, పక్క నుంచి కూడా ఎక్స్‌రే తీయమని అడగండి.

భుజం అంటే ఈ ఒక్క కీలే కాదు. చేతిని మొండేనికి కలిపే ఎముకల దారి ఒకే ఒక్కటి, జత్రుక. అంటే కాలర్ బోన్. లోపలి కొస రొమ్ము ఎముకకు, బయటి కొస రెక్క ఎముక పైకప్పు అయిన అక్రోమియన్‌కు కలుస్తాయి. రొమ్ము వైపు కీలు ఆకారంలో బలహీనం, అయినా లిగమెంట్లు ఎంత గట్టివంటే అది జారడం చాలా అరుదు. దెబ్బలన్నీ బయటి కొసకే. బైకు మీద నుంచి భుజం అంచు రోడ్డుకు తగిలేలా పడినప్పుడు ఆ చిన్న కీలు విడిపోతుంది. దాన్ని పట్టి ఉంచే ముఖ్యమైన పట్టీలు కీలు దగ్గర లేవు, కొంచెం లోపలగా, కోరకాయిడ్ మొనకూ కాలర్ బోన్‌కూ మధ్య నిలువుగా ఉన్నాయి. ఒకదాని పేరు కోనాయిడ్, రెండోది ట్రాపిజాయిడ్. కోనాయిడ్‌కు ఇంకో పనీ ఉంది. చెయ్యి పూర్తిగా పైకెత్తేటప్పుడు దాదాపు మూడింట రెండు వంతుల కదలిక గుంటలో, మూడో వంతు రెక్క ఎముక తిరగడం వల్ల వస్తుంది. రెక్క ఎముక అలా తిరుగుతూ కోనాయిడ్‌ను లాగితే, కాలర్ బోన్ తన ఇరుసు మీద తాను వెనక్కి దొర్లుతుంది. ఆ దొర్లుడు లేకపోతే చెయ్యి చెవి దాకా పోదు.

ఈ పట్టీలు తెగినప్పుడు భుజం మీద ఎముక పైకి లేచినట్టు గడ్డ కనిపిస్తుంది. నిజానికి లేచింది కాలర్ బోన్ కాదు, ఆధారం పోయి చెయ్యీ రెక్క ఎముకా కిందికి దిగాయి. దెబ్బ తీవ్రతను డాక్టర్లు ఆరు తరగతులుగా చూస్తారు. మొదటి రెండూ స్లింగ్‌తో, వ్యాయామంతో నయమవుతాయి. మూడోదానిలో కూడా ఎక్కువమందికి కత్తి అక్కర్లేదు, గడ్డ మిగిలినా చెయ్యి బాగా పనిచేస్తుంది. చివరి మూడింటికి ఆపరేషన్ మాట వస్తుంది.

భుజంలో ఒక విచిత్రమైన లిగమెంట్ ఉంది. కోరకాయిడ్ నుంచి అక్రోమియన్ దాకా వెళ్లే ఈ పట్టీ రెండు కొసలూ ఒకే ఎముక మీద ఉన్నాయి. ఏ రెండు ఎముకలనూ అది కలపదు. దండచేయి ఎముక తలకు పైన గొడుగు పట్టి నిలుస్తుంది. చెయ్యి ఎత్తినప్పుడు ఈ కప్పుకూ తలకూ మధ్య కఫ్ టెండన్లు నలుగుతున్నాయని, భుజం నొప్పికి మూలం అదేనని అమెరికా సర్జన్ చార్లెస్ నీర్ 1972లో ప్రతిపాదించాడు. అప్పటి నుంచి ఆ లిగమెంట్‌ను విడదీసి, అక్రోమియన్ అడుగును గీకే ఆపరేషన్లు ప్రపంచమంతటా లెక్కలేనన్ని జరిగాయి. 2018లో లాన్సెట్ పత్రికలో బ్రిటన్ పరిశోధన ఒకటి వచ్చింది. అందులో కొందరికి నిజంగా గీకారు, కొందరికి కెమెరా పెట్టి చూసి ఏమీ చెయ్యకుండా మూసేశారు. రెండు గుంపుల వారి నొప్పీ ఒకేలా తగ్గింది. మరుసటి ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్ వెలువరించిన మార్గదర్శకాలు మామూలు భుజం నొప్పికి ఈ ఆపరేషన్ వద్దని గట్టిగా చెప్పాయి. పైగా ఆ లిగమెంట్ వ్యర్థంగా లేదు. కఫ్ పూర్తిగా చిరిగిన ముసలి భుజాల్లో ఎముక తల పైకి తన్నుకురాకుండా ఆపే చివరి అడ్డు అదే. నొప్పి ఒక్కటే ఉండి, చిరుగు లేనప్పుడు గీకుదాం అన్న మాట వినిపిస్తే, ముందు మూడు నెలలు సరిగ్గా ఫిజియోథెరపీ చేసి చూస్తానని చెప్పడానికి మొహమాటపడొద్దు.

ఆ వ్యాయామం ఎందుకన్న ప్రశ్నకు జవాబు కూడా లిగమెంట్ల స్వభావంలోనే ఉంది. చెయ్యి మధ్య స్థితిలో ఉన్నంతసేపూ అవి వదులే కదా. అప్పుడు తలను గుంటలోకి అదిమి పట్టేది రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండలు. తల నడిమధ్యలో తిరిగేలా అవి చూసుకుంటే లిగమెంట్ల మీద భారం పడే సందర్భాలే తగ్గుతాయి. లిగమెంట్‌ను వ్యాయామంతో పొట్టిగా చెయ్యలేం. కండను బలపరచగలం. పుట్టుకతోనే కీళ్లు వదులుగా ఉండి, బొటనవేలు వెనక్కి వంచి ముంజేతికి తాకించగల పిల్లల్లో కొందరికి భుజాలు అన్ని వైపులా జారుతుంటాయి. వారికి మొదటి వైద్యం ఆపరేషన్ కాదు, నెలల తరబడి ఓపికగా చేసే ఈ వ్యాయామమే.

ఇంతసేపూ వదులు వల్ల వచ్చే కష్టం చెప్పుకున్నాం. వదులు పోతే వచ్చే కష్టం ఇంకోటి ఉంది, అది మన ఇళ్లలో ఎక్కువమందిని పీడిస్తున్నది. ఫ్రోజెన్ షోల్డర్. బోస్టన్ సర్జన్ కాడ్మన్ 1934లో పెట్టిన పేరు. ఏ దెబ్బా తగలకుండానే కీలు సంచి వాచి, మందమై, కుంచించుకుపోతుంది. చంక దగ్గరి మడతలు అతుక్కుంటాయి. అన్నిటికన్నా ప్రముఖంగా బిగుసుకునేది, వేలాడే చేతిని మోస్తుందని చెప్పుకున్న కోరకోహ్యూమరల్ లిగమెంటే. అది చెయ్యి బయటికి తిరగడానికి హద్దు కాబట్టి మొదట పోయేది ఆ కదలికే. తర్వాత జాకెట్ హుక్కులు పెట్టుకోలేకపోవడం, జేబులోని పర్సు తీయలేకపోవడం, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోవడం మొదలవుతాయి. ఎక్కువగా నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య, ఆడవారికి కాస్త ఎక్కువగా వస్తుంది.

మధుమేహం ఉన్నవారికి ఇది లేనివారికన్నా దాదాపు అయిదు రెట్లు ఎక్కువగా వస్తుంది, తగ్గడానికీ ఎక్కువ కాలం పడుతుంది. రక్తంలోని అదనపు చక్కెర కొల్లాజెన్ పోగులకు అంటుకుని వాటి మధ్య లేనిపోని ముడులు వేసి గట్టిపరుస్తుందని ఒక వివరణ. థైరాయిడ్ సమస్య ఉన్నవారిలోనూ ఎక్కువే. భుజం పట్టేసిందని వచ్చినవారికి షుగర్ పరీక్ష చేస్తే అప్పుడే మొదటిసారి మధుమేహం బయటపడటమూ ఉంది.

ఇది చాలామందిలో ఒకటి నుంచి మూడేళ్లలో తనంతట తాను సడలుతుంది, కొందరిలో కొంత బిగువు మిగిలిపోతుంది. రెక్కాడితే గాని డొక్కాడని మనిషికి మూడేళ్లు ఓర్చుకోమని చెప్పడం న్యాయం కాదు. తొలి నొప్పి దశలో కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ బాగా ఉపశమనం ఇస్తుంది. మధుమేహం ఉన్నవారికి తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, అది ముందే తెలుసుకుని చూసుకోవాలి. మత్తు ఇచ్చి చెయ్యి తిప్పడం, కెమెరాతో లిగమెంట్‌ను విడదీయడం, ఇంజెక్షన్‌తో కూడిన ఫిజియోథెరపీ, ఈ మూడింటినీ బ్రిటన్‌లో 503 మంది మీద పోల్చి చూసిన పరిశోధన 2020లో వచ్చింది. ఏడాది చివర చూస్తే ఏదీ మిగతావాటికన్నా చెప్పుకోదగ్గంత మెరుగు కాదు. అందుకే తక్కువ కత్తితో మొదలుపెట్టడమే తెలివి. నొప్పి బాగా ఉన్న దశలో బలవంతంగా చెయ్యి లాగి వంచే మసాజులు మాత్రం మేలు చెయ్యవు, వాపు పెంచుతాయి.

మీకో, ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే ఈ చిన్న పరీక్ష చేసి చూడండి. రెండు మోచేతులూ నడుముకు ఆనించి, తొంభై డిగ్రీలు వంచి, ముంజేతులు రెండిటినీ మెల్లగా బయటికి తిప్పాలి. తర్వాత ఇంకొకరు ఆ చేతులు పట్టుకుని నెమ్మదిగా ఇంకాస్త తిప్పి చూడాలి. ఒక పక్క రెండోదానికన్నా స్పష్టంగా తక్కువ తిరిగి, అక్కడే పట్టేసినట్టు ఆగితే, నొప్పి తక్కువే కదా అని వాయిదా వేయకుండా ఆ వారంలోనే ఎముకల డాక్టరుకు చూపించండి, ఎక్స్‌రే తీయించండి, షుగర్ ఎంతుందో చూపించుకోండి.